బంతి ఇచ్చే అమ్మాయి కావలెను

యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకి ఆటగాళ్లను వెతికి తెచ్చే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను కలిస్తే సాధారణంగా ఒకటే అడుగుతారు: మంచి ఆటగాణ్ని ఎలా కనిపెట్టాలి మాస్టారూ? ముందు టీ తాగడం నేర్చుకోండి అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వను. ఈ పనిలో బంతి తక్కువ, టీ ఎక్కువ. ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంటికి వెళ్లి, సోఫా అంచున కూర్చుని, వాళ్ల కుక్క నా బూటు వాసన చూస్తున్నా కదలకుండా, మీ అమ్మాయిని మా కాలేజీకి పంపండి అని అడగడమే ఉద్యోగం. పెళ్లిచూపులకీ దీనికీ పెద్ద తేడా లేదు. అక్కడ పాడమంటారు, ఇక్కడ పరుగెత్తమంటాం. ఎత్తు మాత్రం రెండు చోట్లా అడుగుతారు.

ఈ పనిని డబ్లిన్‌లో ఒక యూనివర్సిటీలో, అమ్మాయిల జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా చేశాను. చేశాను అనడం కంటే చేయనిచ్చారు అనడం సబబు. అంతకుముందు గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ని. మా ఆవిడకి ఇక్కడి బోమాంట్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ వీసా మీద నేనూ వచ్చాను, రెండో సూట్‌కేసులాగా. మొదట యూనివర్సిటీ జిమ్‌లో కుర్చీలు మడిచి గోడకి చేర్చే పని దొరికింది. ఒకరోజు అమ్మాయిలు సాధన చేస్తుంటే నోరు ఊరుకోక, "ఎడమకాలు ముందు" అన్నాను. హెడ్ కోచ్ బ్రీడా వెనక్కి తిరిగి, "ఎవరది?" అంది. కుర్చీలతో పాటు నేనూ మడుచుకుపోయాను. "ఆ పిల్ల ఎడమకాలే వేయాలి. నువ్వు ఆ కుర్చీలు వదిలేసి ఇటు రా" అంది. నా ఇంటర్వ్యూ అంతే.

బ్రీడాది కార్క్ ఊరు. ఐర్లండ్‌లో అందరూ వాడే "గ్రాండ్" అనే మాటని ఆవిడ మూడు రకాలుగా వాడేది: బాగుందని, ఇక చాలని, ఫోన్ పెట్టేయమని. ఏది ఏదో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అమ్మాయిలను నన్ను మాస్టారు అనమంటే, మొదటి ముక్క ఒక్కటే తీసుకుని "మాస్" అన్నారు. ఇక్కడ మాస్ అంటే ఆదివారం చర్చిలో జరిగేది. మన దగ్గర మాస్ అంటే జనం చేత ఈలలు వేయించేది. నా వల్ల ఎవరికీ భక్తి పెరగలేదు, ఎవరూ ఈలా వేయలేదు. మెడలో ఈల మాత్రం వేలాడేది.

వీడియోలను నమ్మకండి

ఒకసారి వీడియో చూసి ఒక పొడుగుపాటి అమ్మాయిని తెచ్చుకున్నాం. దేశం పేరు అనవసరం. ఆ వీడియోలో ఆమె వేసిన ప్రతి బంతీ రింగులో పడింది. పడుతుంది మరి. ఏ పెళ్లి వీడియోలోనూ పెళ్లికూతురు తుమ్మదు. వచ్చాక చూస్తే, ఆమె చేతిలోంచి బంతి జారిపోయినప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది, ఎవరో వెళ్లి తెచ్చిపెడతారన్నట్టు. ఆ ఏడాది మా జట్టులో మిగిలినవాళ్లు బాగా పరుగెత్తారు. పరుగెత్తక తప్పలేదు.

అప్పటినుంచి నేను మ్యాచ్‌లకి ముందే వెళ్లేవాణ్ని. బెంచి మీద ఎలా కూర్చుంటుంది, ఓడిపోతున్నప్పుడు పక్కమ్మాయితో ఏమంటుంది, నీళ్ల సీసా ఎవరికి అందిస్తుంది, ఇవి చూసేవాణ్ని. ఇచ్చే చెయ్యి ఉన్నవాళ్లు కావాలి అనేది నా సిద్ధాంతంగా మారింది. బ్రీడాది ఇంకా గట్టి సిద్ధాంతం. బంతిని కోర్టు వెంబడి తీసుకొచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించే అమ్మాయిని పాయింట్ గార్డ్ అంటారు. జట్టుకి ఆమె వంటింట్లో గరిటె పట్టినావిడ లాంటిది. "పాయింట్ గార్డ్ షాట్ వేయడం మూడో పని. ముందు ఒకరికి ఇవ్వాలి, కుదరకపోతే ఇంకొకరికి. ఎవరూ లేకపోతేనే తను వేయాలి" అని బ్రీడా బోర్డు మీద రాసి చూపించేది. నేను తల ఊపేవాణ్ని. ఇద్దరం ఒకే మాట అనుకుంటున్నాం కాబట్టి అది నిజమే అయి ఉంటుందని నమ్మేవాణ్ని. ఒకే గదిలో ఉన్నవాళ్లందరూ తల ఊపుతుంటే కాస్త అనుమానపడండి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గార్డు కోసం

మహమ్మారి వచ్చిన వసంతంలో మా పాయింట్ గార్డ్ చదువు ముగించి వెళ్లిపోయింది. జిమ్‌కి తాళం పడింది. ఇంటి నుంచి కొద్ది కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్నారు. మేముండే ఆడమ్స్‌టౌన్‌లో మా పక్కింటాయన సాఫ్ట్‌వేరు. గోడ అవతలి నుంచి, "ఏం చేస్తున్నారు అంకుల్ ఈమధ్య?" అని అడిగితే, "గార్డు కోసం వెతుకుతున్నాను" అన్నాను. ఇక్కడ గార్డులంటే పోలీసులు. ఆయన ముఖం పాలిపోయింది. "ఇంట్లో దొంగలు పడ్డారా అంకుల్?" అన్నాడు.

ఆ రోజుల్లోనే కెర్రీ జిల్లాలోని ట్రాలీ అనే ఊరి నుంచి నాకు తెలిసిన ఒక కోచ్ ఫోన్ చేశాడు. కెర్రీ వాళ్లకి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. అక్కడ స్కూలు చదువుకీ యూనివర్సిటీకీ మధ్యలో ఉండే రెండేళ్ల కాలేజీలో అతను జట్టుని చూస్తాడు. మన జూనియర్ కాలేజీ లాంటిదే అనుకోండి, పిల్లలు కాస్త పెద్దవాళ్లు, అంతే. "మాస్, నా దగ్గర మీ అమ్మాయి ఒకతె ఉంది" అన్నాడు.

"మా అమ్మాయా? నాకున్నది ఒక్కడే కొడుకు."

"మీవాళ్లమ్మాయి అంటున్నా. పేరు కెజియా. ఇక్కడ పాయింట్ గార్డ్ అంటే ఇదే. వచ్చి చూసుకో."

వచ్చి చూసుకునే వీలు ఎక్కడుంది? వీడియో పంపమన్నాను. పంపింది కెజియా నాన్న. పేరు ఏసుపాదం. బాపట్ల వైపు మనిషి, ట్రాలీలో ఒక నర్సింగ్ హోంలో వృద్ధుల్ని చూసుకునే కేరర్. తల్లి సువార్త ఆసుపత్రిలో నర్సు. ఏసుపాదం మ్యాచ్ మొత్తం ఫోన్ నిలువుగా పట్టుకుని తీశాడు. తీసింది కూతుర్ని మాత్రమే. బంతి ఆమె చేతిలో ఉన్నంతసేపే తెర మీద ఉంటుంది. చెయ్యి దాటగానే అదెటుపోయిందో, ఎవరు అందుకున్నారో, పాయింటు వచ్చిందో లేదో దేవుడికే తెలియాలి. ఆ దేవుడి మీదే ఒక పాట కూడా వెనక పెట్టాడు, పూర్తి ఆర్కెస్ట్రాతో.

బ్రీడాకి పంపి ఫోన్ చేశాను. "బంతి ఎక్కడ?" అంది.

"వాళ్ల నాన్న తీశాడు."

"అది కనిపిస్తూనే ఉంది. మాస్, నేను చూడని పాస్‌కి స్కాలర్‌షిప్ ఇవ్వలేను. ఇంకో అమ్మాయి వీడియో వచ్చింది, బ్రహ్మాండంగా ఉంది."

"పెళ్లి వీడియో" అన్నాను.

"గ్రాండ్" అంది. అది మూడో రకం.

శనివారం సాయంత్రం

ఏసుపాదానికి ఫోన్ చేస్తే ఎంతో సంతోషించాడు. విషయం మాత్రం మాట్లాడలేదు. "వందనాలు మాస్టారూ. ఇంత పెద్ద సంగతి ఫోన్లో ఏం తేలుతుందండీ. శనివారం సాయంత్రం మా సహవాసం ఉంది, జూమ్‌లో. ముందు ప్రార్థనకి రండి. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

నేను చర్చి మనిషిని కాదు. ఆ మాటకొస్తే గుడి మనిషినీ కాదు. కానీ టీ తాగమన్నప్పుడు తాగాలి. ఆ శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర నిండా చిన్న చిన్న గళ్లు. కార్క్ నుంచి, గాల్వే నుంచి, డబ్లిన్ నుంచి తెలుగు కుటుంబాలు. వాళ్లలో చాలామంది నర్సులు, కేరర్లు. కొందరివి నుదుళ్లు మాత్రమే వచ్చాయి. ఒకాయన తన సీలింగ్ ఫ్యానుతోనే హాజరయ్యాడు. బాపట్ల నుంచి పాస్టర్ గారు. ఇందరినీ నడిపే మనిషి, కింద ఒక మూల గడిలో, చెమట చొక్కాలో, జుట్టు వెనక్కి కట్టుకుని ఉంది. కెజియా.

పాట మొదలైంది. అందరూ ఒకేసారి పాడారు. ఒక్కొక్కరి నెట్ ఒక్కో వేగం కాబట్టి చరణం ముందొచ్చి పల్లవి తర్వాతొచ్చింది. రెండు పంక్తులు కాగానే కెజియా, "ఎవ్రీవన్, మ్యూట్ ప్లీజ్. రత్నం ఆంటీ, మీరు లీడ్ చేస్తారా? మిగతావాళ్లు ఇంట్లో పాడండి, దేవుడికి వినపడతది" అంది, కెర్రీ యాస తెలుగులో. పాట గాడిన పడింది.

తర్వాత సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పుకోవడం. రత్నం ఆంటీ సాక్ష్యం ఆవిడ ఐర్లండ్ విమానం ఎక్కిన దగ్గర మొదలైంది. విమానం ఎంతకీ దిగదు. పిల్లలు గళ్లలోంచి లేచి వెళ్లిపోతున్నారు. ఆంటీ ఊపిరి తీసుకునే ఒక్క క్షణం కోసం కెజియా కాచుకుని ఉండి, "దట్స్ లవ్లీ ఆంటీ. మహిమ దేవునికే, హా?" అంది. అందరూ ఆమెన్ అన్నారు. తనంతట తానే ముగించానని రత్నం ఆంటీ తృప్తిగా వెనక్కి వాలింది.

ఆ తర్వాత ఒకాయన మాట్లాడాడు. నర్సింగ్ హోంలో పనిచేస్తాడు. ఆ వారం తన చేతులమీదుగా పోయిన ఒక ముసలాయన గురించి చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. పాస్టర్ గారు గొంతు సవరించుకుని బైబిలు వాక్యం అందుకోబోయారు. కెజియా ఆయన్ని మ్యూట్ చేసింది. పాస్టర్ గారినే! నా జన్మలో అలాంటి డిఫెన్స్ చూడలేదు. ఆ మౌనాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుని తలెత్తాక, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని ఒక పెద్దావిడని పిలిచింది. ఆవిడ రెండే రెండు మాటలు ప్రార్థించింది. అంతకంటే సరైన మనిషి ఆ గళ్లలో ఇంకెవరూ లేరు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమైందండీ, ఎవరైనా పోయారా?" అంది కంగారుగా.

"లేదు. దొరికింది" అన్నాను.

చివర్లో ప్రార్థన అంశాలు చెప్పమన్నారు. సువార్త ఇంకా యూనిఫాంలోనే ఉంది, మాస్క్ గాట్లు బుగ్గల మీద కనిపిస్తున్నాయి. "మా కెజియాకి నర్సింగ్ సీటు రావాలని అందరూ ప్రార్థించండి" అంది. అందరూ ఆమెన్ అన్నారు. ఏసుపాదం గొంతు మాత్రం వినపడలేదు. కెజియా రెప్ప వేయకుండా, "థాంక్యూ మమ్మీ. నెక్స్ట్, రత్నం ఆంటీ, క్విక్‌గా ఆంటీ" అంది.

సమావేశం అయిపోయిన మరుక్షణం నా ఫోన్‌కి కెజియా నుంచి మెసేజ్ వచ్చింది. తను ఆడాలనుకుంటోందనీ, నర్సింగ్ వద్దనీ, ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదనీ. అందరి మాటకీ దారి చూపించిన పిల్ల అది.

మరుసటి శనివారం బ్రీడాని కూడా తీసుకొచ్చాను. ఆవిడ పేరు గడిలో కనపడగానే అందరూ "వందనాలు సిస్టర్" అన్నారు. సమావేశం అయ్యాక ఫోన్ చేసి, "చిన్నప్పుడు స్కూల్లో సిస్టర్ల చేత బెత్తం దెబ్బలు తిన్నదాన్ని, నన్నే సిస్టర్ని చేస్తారా?" అంది. కాసేపు నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "నాకు ఒక్క మాట అర్థం కాలేదు మాస్. అదే మంచిదైంది. ఆ పిల్ల కళ్లే చూశాను. ఎప్పుడూ తర్వాతి మనిషి మీదే ఉన్నాయి. పిలుద్దాం" అంది.

"తల్లి నర్సింగ్ అంటోంది."

అదీ చిక్కు. నర్సింగ్ పిల్లలకి వార్డు డ్యూటీలు పడతాయి, మా సాధన వేళలకీ వాటికీ పొసగదు. మా స్కాలర్‌షిప్ వాళ్లకి ఇచ్చేవాళ్లం కాదు. కెజియా మాతో రావాలంటే వేరే చదువు తీసుకోవాలి. అటో ఇటో, రెండూ కుదరవు.

"తల్లి సంగతి నీ టీ వ్యవహారం. గ్రాండ్" అని పెట్టేసింది.

ట్రాలీ వాకిట్లో

ఎండాకాలంలో ప్రయాణాలకి అనుమతి ఇచ్చారు. పొద్దున్నే బయలుదేరి ట్రాలీ వెళ్లాను. ఇంట్లోకి వెళ్లకూడదు, వాకిట్లోనే మాట్లాడుకోవాలి. ఏసుపాదం టీ కప్పు తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి నడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అప్పుడు నేను ముందుకెళ్లి కప్పు తీసుకున్నాను. గోడ మీద నైవేద్యం పెట్టినట్టుంది. "లోపలికి రమ్మనలేని రోజులొచ్చాయి మాస్టారూ, ఏమీ అనుకోకండి" అన్నాడు. సువార్త డ్యూటీ దిగి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కెజియా గోడకి ఆనుకుని, కాలికింద బంతిని అటూ ఇటూ దొర్లిస్తోంది. సన్నగా తుంపర పడుతోంది. కెర్రీలో దాన్ని వాన అనరు.

"మీ ఆవిడా నర్సేగా మాస్టారూ?" అంది సువార్త.

"అవునమ్మా."

"మీ పిల్లల్ని ఏం చదివించారు?"

"ఒక్కడే అబ్బాయమ్మా. కంప్యూటర్లు."

"చూశారా. బంతి కాదు."

నేను టీ తాగాను. ఇలాంటి సమయాల కోసమే అది కనిపెట్టారు.

"నేను కాదనడం లేదు మాస్టారూ. పిల్ల బాగా ఆడుతుందని అందరూ అంటారు. కానీ చూడండి, అన్నీ మూసేశారు. జిమ్ములు మూశారు, హోటళ్లు మూశారు, ఆఖరికి చర్చి మూశారు. మా వార్డు మూశారా? ఈ దేశం మమ్మల్ని రమ్మన్నదే ఆ పనికి. రేపు మళ్లీ ఇలాంటిదేదైనా వస్తే ఈ బంతి దీనికి అన్నం పెడుతుందా?"

"అది కాదు సువార్తా, పిల్ల ఆశపడుతోంది" అన్నాడు ఏసుపాదం.

"నేనూ పడ్డాను ఆశ, టీచర్ని అవుదామని. నన్నెవరన్నా అడిగారా?"

"నన్ను కేరర్ అవుతావా అని అడిగారా మరి? నువ్వొచ్చావు, నీ వెనకాల నేనొచ్చాను."

"ఇప్పుడదంతా మాస్టారి ముందెందుకు?"

"మమ్మీ, లెట్ అంకుల్ ఫినిష్. డాడ్, యూ గో ఆఫ్టర్" అంది కెజియా. ఇద్దరూ ఆగారు. నాకు దారి ఇచ్చింది. చక్కటి పాస్.

నేను మొదలుపెట్టాను. ఎన్నో ఇళ్లలో చెప్పి నలిగిన ఉపన్యాసమే, కాకపోతే ఈసారి మనసు పెట్టి చెప్పాను. "ఇలాంటి పిల్ల చాలా అరుదమ్మా. తనకోసం చూసుకోదు. ఎవరికి ఎప్పుడు ఏం కావాలో చూసి అందిస్తుంది. ఇంత మంచి చెయ్యి నేను చూడలేదు. ఇలాంటివాళ్ల కోసమే మేం వెతుకుతాం."

కెజియా కాలికింద బంతి ఆగిపోయింది. "సో దట్స్ వాట్ యూ వాంట్ మీ ఫర్, అంకుల్?" అంది. అంతవరకు పొదుపుగా మాట్లాడిన పిల్ల, ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. ఇంట్లో తమ్ముణ్ని చూసుకునేది తనే. రత్నం ఆంటీ ట్రాలీ వచ్చి ఉన్నన్నాళ్లూ డాక్టర్‌తో మాట్లాడిపెట్టింది తనే. శనివారం అందరినీ పాడించేది తనే. కాలేజీ జట్టులోనూ అందరికీ ఇచ్చేది తనే. "మీ టీమ్‌లోనూ అదే పనా? నేను ఎప్పుడైనా షాట్ వేయొచ్చా, లేదా?"

నేను పొగడ్త అనుకున్నది ఆ పిల్లకి ఇంటిపనిలా వినిపించింది. వేయొచ్చమ్మా, నీ ఇష్టం, అని నోటి దాకా వచ్చింది. ఈ ఉద్యోగంలో మాట ఇవ్వడం కంటే తేలిక ఏదీ లేదు. తల్లిదండ్రులు వాకిట్లో ఉన్నప్పుడు ఏ కోచ్ నోరైనా తియ్యగానే ఉంటుంది. కానీ షాట్ వేయడం మూడో పని అని బోర్డు మీద రాసేది నేను కాదు. అందుకని బ్రీడాకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, పిట్టగోడ మీద టీ కప్పు పక్కన ఉంచాను. కెజియా అడిగింది అడిగినట్టు చెప్పాను.

అవతల కెటిల్ మరుగుతున్న చప్పుడు. అది ఆగేదాకా బ్రీడా మాట్లాడలేదు. ఆ తర్వాత, "కెజియా, వింటున్నావా? పాయింట్ గార్డ్ మూడో పనిగా షాట్ వేస్తుందని ఇన్నాళ్లూ చెప్పుకొచ్చాను. నీకు దారి ఖాళీగా ఉండి కూడా నువ్వు వేయలేదనుకో, బెంచి మీద కూర్చోబెడతాను. సరేనా?" అంది.

"గ్రాండ్" అంది కెజియా.

"గ్రాండ్" అని బ్రీడా పెట్టేసింది.

పైవాళ్ల గురించి చెప్పమంటే నేను ఈ ఒక్కటే చెబుతాను. బోర్డు మీద ఏళ్ల తరబడి రాసిన మాటని కెటిల్ మరిగే లోపల చెరిపేయగల మనిషి కింద పనిచేశాను. అలాంటివాళ్లు దొరికితే జీతం గురించి ఎక్కువ బేరం చేయకండి.

సువార్త కూతురి వైపు చూసింది. "ఏమంటుందావిడ?"

కెజియా తెలుగులో, వెతుక్కుంటూ చెప్పింది. "నాకు ఛాన్స్ వస్తే నేనే తీసుకోవాలంట మమ్మీ. తీసుకోకపోతే పనిష్‌మెంట్ అంట."

సువార్త తన చేతుల కేసి చూసుకుంది. శానిటైజర్‌తో ఆ వేళ్లు పగిలి ఉన్నాయి. "ఇలాంటి మేట్రన్ నాకొక్కతె దొరకలేదు" అంది చివరికి. "సరే. ఒక్క ఏడాది. ఇది నిలబడుతుందని నాకు కనపడాలి. లేదంటే నర్సింగ్. మళ్లీ ఏడవకూడదు."

బ్రీడా చెప్పొద్దన్నా ఒక మాట నేను చెప్పాల్సి వచ్చింది. "ఈ ఏడాది అసలు మ్యాచ్‌లు జరుగుతాయో లేదో మాకే తెలియదమ్మా."

"నన్ను రేపు ఏ వార్డులో వేస్తారో నాకూ తెలియదు" అంది సువార్త. "ఆడిన ఏడాదే లెక్కలేండి."

ఆడని ఏడాది, ఆడిన రోజు

మ్యాచ్‌లు జరగలేదు. కెజియా పుస్తకాలూ దుప్పట్లూ వేసుకుని డబ్లిన్ వచ్చింది, గదిలో కూర్చుని పాఠాలు వింది. జిమ్ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. బంతిని ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలన్నారు. ఆ ఏడాది బంతికి జరిగినన్ని స్నానాలు నాకు జరగలేదు. అనుమతి ఉన్న రోజుల్లో కార్ పార్కులో ఉన్న రింగు దగ్గర ఆ పిల్ల ఒక్కతే షాట్లు వేసేది. నేను దూరంగా నిలబడి బంతులు ఏరి విసిరేవాణ్ని. నా మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

అక్కడ ఒకటి గమనించాను. బంతి చేతికి రాగానే ఆమె ముందు పక్కకి చూసేది, ఎవరికి ఇద్దామా అని. పక్కన ఉన్నది నేనూ, ఒక చెత్త డబ్బా. అయినా చూసేది. భుజం కూడా అటే తిరిగేది. "ఎదురుగా చూడమ్మా" అంటే, "సారీ అంకుల్" అనేది. ఆ సారీ ఎవరికో నాకు తెలిసేది కాదు. ఇచ్చే చెయ్యి ఉన్న పిల్లల్నే ఏరుకుని తెస్తాం మనం, అది వాళ్ల గుణం అంటాం. ఎవరు నేర్పితే వచ్చిందో, దానికోసం ఏం వదులుకున్నారో అడగం. అడిగితే మనకి ఇబ్బంది. మీరు అడగండి.

ఆ మరుసటి శిశిరంలో, చివరికి, నిజంగా ఒక మ్యాచ్ జరిగింది. ప్రేక్షకులు కొద్దిమందే, ముఖాలకి మాస్క్‌లు, కుర్చీల మధ్య ఖాళీలు. ఏసుపాదానికి డ్యూటీ మార్చుకోవడం కుదరలేదు. సువార్త మాత్రం రాత్రి డ్యూటీ దిగి, నేరుగా ట్రాలీ నుంచి రైలెక్కి వచ్చింది. బెంచికి వెనక వరసలో, నాకు కాస్త ఎడంగా కూర్చుంది. ఇంటికి కూడా వెళ్లలేదు, పని బూట్లతోనే ఉంది.

కెజియా అందరికీ ఇచ్చింది. అద్భుతంగా ఇచ్చింది. ఎదురుగా ఎవరూ లేనప్పుడు కూడా ఇచ్చింది. బ్రీడా అన్నమాట ప్రకారం పిలిచి బెంచి మీద కూర్చోబెట్టింది. పిల్ల మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని తలవంచుకుంది. సువార్త నా వైపు వంగి, "ఏం తప్పు చేసింది మాస్టారూ?" అంది.

"తనకి వచ్చింది కూడా పక్కవాళ్లకి ఇచ్చేసిందమ్మా."

కెజియా ఒకసారి వెనక్కి తిరిగి తల్లిని చూసింది. తల్లి గడ్డం కాస్త పైకెత్తింది, వెళ్లు అన్నట్టు.

మళ్లీ కోర్టులోకి పంపారు. ఈసారి వేసింది. బంతి రింగుని తాకనైనా తాకలేదు. మళ్లీ వేసింది. రింగు అంచుకి తగిలి బయటికి పోయింది. నా నోటి నిండా "పాస్" అనే మాట నిండిపోయింది. మాస్క్ ఉంది కాబట్టి సరిపోయింది.

"పడలేదుగా. తిట్టరా?" అంది సువార్త.

"తిట్టరమ్మా. వెయ్యకపోతేనే తిడతారు."

"మంచి ఉద్యోగమే" అంది ఆవిడ. కుర్చీలో వెనక్కి జారి, చేతులు ఒడిలో పెట్టుకుని, చూస్తుండగానే నిద్రలోకి జారుకుంది.

కెజియా బంతి తీసుకొచ్చింది. ఎడమ పక్క మా జట్టు అమ్మాయి ఒకతె చెయ్యెత్తి అడుగుతోంది. కెజియా భుజం అటు తిరగబోయి, ఆగింది. ఎదురుగా చూసింది. వేసింది. పడింది.

బెంచి అంతా లేచి అరిచింది. సువార్త కదల్లేదు. లేపుదామని చెయ్యి చాచాను, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. కెజియా మా వైపు చూసింది, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్న తల్లిని చూసింది, పెద్దగా నవ్వి, డిఫెన్స్ కోసం వెనక్కి పరుగెత్తింది.